మా షాపు బోర్డులో 'ఏ' తప్పా?

ప్రశ్న: మాది చిక్కడపల్లిలో చిన్న స్టేషనరీ షాపు. నాన్న మొదట్లో లైబ్రరీ దగ్గర తోపుడు బండి మీద పెన్నులు, నోట్‌బుక్కులు అమ్మేవారు. 1998లో ఈ మల్గీ అద్దెకు తీసుకున్నారు. డిగ్రీ అయ్యాక రెండేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. పాత బోర్డు వెలిసిపోయిందని మొన్న దసరాకి లైట్లు వెలిగే అక్షరాలతో కొత్తది చేయించాను. పద్నాలుగు వేలయింది. వారం తిరక్కుండానే, గ్రూప్స్‌కి చదువుకునే ఒక అబ్బాయి రీఫిల్ కొనడానికి వచ్చి, 'అక్కా, మీ బోర్డులో స్టేషనరీ స్పెల్లింగ్ తప్పుంది. చివర ఏ-ఆర్-వై కాదు, ఈ-ఆర్-వై ఉండాలి' అన్నాడు. షాపులో ఉన్న నలుగురూ విన్నారు. నాన్నకి చెబితే, 'ఇన్నేళ్లూ బోర్డు అలాగే ఉంది. ఒక్క పెన్నయినా తక్కువ అమ్ముడుపోయిందా?' అని కోప్పడ్డారు. అప్పట్నుంచీ షట్టర్ ఎత్తేటప్పుడు తల పైకెత్తాలంటేనే టెన్షన్. ఒకేలా వినిపించే ఈ రెండు మాటలకీ తేడా ఏమిటి? అసలు రెండెందుకు పుట్టాయి? బోర్డు మార్చాలా, వద్దా?
ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, తీర్పు ముందే చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం. ఇవాళ్టి ఇంగ్లిష్ లెక్కలో ఆ అబ్బాయి చెప్పిందే రైటు. పెన్నులు, కాగితాలు, కవర్లు అమ్మే షాపుకి చివర 'ఈ-ఆర్-వై' రాయాలి. 'ఏ-ఆర్-వై' రాస్తే 'కదలకుండా ఉన్నది' అని అర్థం. సిగ్నల్ దగ్గర ఆగిన బస్సు 'ఏ' రకం. జిమ్‌లో ఎంత తొక్కినా గడప దాటని సైకిలు కూడా 'ఏ' రకమే. కాబట్టి మీ బోర్డు ప్రస్తుతానికి దారిన పోయేవాళ్లకి 'ఇది కదలని షాపు' అని చెబుతోంది. అందులో అబద్ధమేమీ లేదనుకోండి!

ఈ తప్పు మీ ఒక్కరిదే అని దిగులు పడకండి. కోఠీ నుంచి కూకట్‌పల్లి దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని బోర్డులు చదువుతూ వెళ్లండి, మీకు తోడు చాలామందే ఉన్నారని తెలుస్తుంది. నేనూ ఆ జట్టులోవాణ్నే. గుమాస్తాగా చేరిన కొత్తలో, ఆఫీసుకి కావాల్సిన కాగితాలు, కార్బన్ పేపర్లు, గుండుసూదుల కోసం ఇండెంట్ టైపు చేసి, పైన శీర్షికలో దర్జాగా 'ఏ' కొట్టాను. మా సూపరింటెండెంట్ దాన్ని ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టి, పక్కన 'కదలని వస్తువులా? అంటే బీరువాలు కావాలా?' అని రాసి తిప్పి పంపారు. ఆ కాగితం నాలుగు టేబుళ్లు దాటి నా దగ్గరికి వచ్చింది. నాలుగు చోట్లా నవ్వారు. అందుకే మీ టెన్షన్ నాకు బాగా తెలుసు.

తెలుగులో రాసుకుంటే ఈ గొడవే లేదు, రెండూ 'స్టేషనరీ'యే. ఇంగ్లిష్‌లో కూడా నోటితో అనేటప్పుడు రెండూ ఒకటే. చెవికి తేడా చిక్కదు, కంటికి కనబడేది ఒక్క అక్షరం. ఇంగ్లిష్ సొంత భాషగా ఉన్నవాళ్లు కూడా దీన్ని తప్పు రాస్తుంటారు. చెవిని నమ్ముకుంటే ఎవరైనా దెబ్బతింటారు.

ఇక రెండెందుకు పుట్టాయన్న మీ ప్రశ్న. మూలం లాటిన్‌లో ఉంది. అక్కడ 'స్తారే' అంటే నిలబడటం. దాని నుంచి 'స్తాతియో' వచ్చింది. నిలబడటం, నిలబడే చోటు, కాపలా సైనికులు ఉండే చోటు అని దాని అర్థాలు. మన రైల్వే స్టేషన్, పోలీస్ స్టేషన్ అందులోంచి వచ్చినవే. 'ఒకచోట నిలిచి ఉన్న' అనే అర్థంలో 'స్తాతియోనారియస్' అని ఒక విశేషణం కూడా ఉండేది. 'ఏ' ఉన్న స్టేషనరీ నేరుగా దాని బిడ్డ. అర్థం పెద్దగా మారలేదు, చెప్పుకోవడానికి కథ కూడా ఏమీ లేదు.

కథంతా రెండోదానిది. మధ్యయుగాల యూరప్‌లో వ్యాపారులంటే ఎక్కువమంది ఊరూరా తిరిగేవాళ్లే. మూట భుజాన వేసుకుని వచ్చి, సంతలో పరిచి, అమ్ముడైనంత అమ్ముకుని, పొద్దు గుంకేసరికి మరో ఊరి దారి పట్టేవారు. ఇవాళ కొన్నది రేపు చిరిగితే పట్టుకుని అడగడానికి మనిషి దొరకడు. అలాంటి రోజుల్లో ఒకేచోట దుకాణం పెట్టుకుని, తెల్లారితే మళ్లీ అక్కడే కనబడేవాడు ప్రత్యేకం. లాటిన్‌లో వాణ్ని కూడా 'స్తాతియోనారియస్' అనే అన్నారు, అంటే నిలిచి ఉండే వ్యాపారి అని. విశ్వవిద్యాలయాల పక్కన అలా స్థిరపడింది ముఖ్యంగా పుస్తకాల వాళ్లు. చదువుకునేవాళ్లు ఎక్కడుంటే వాళ్లూ అక్కడే. ఇంగ్లిష్‌లో ఆ మనిషి పేరు 'స్టేషనర్' అయింది.

ఇటలీలోని బొలోన్యా, ఫ్రాన్స్‌లోని పారిస్ విశ్వవిద్యాలయాల దగ్గర 13వ శతాబ్దంలో వీళ్ల వ్యాపారం ఎలా నడిచేదో వింటే మీకు అమీర్‌పేట గుర్తొస్తుంది. అప్పటికి యూరప్‌లో అచ్చు లేదు. పుస్తకం కావాలంటే చేత్తో రాసుకోవాలి, లేదా డబ్బిచ్చి రాయించుకోవాలి. స్టేషనర్ దగ్గర సరిచూసిన మూలప్రతి ఒకటి ఉండేది. దాన్ని కుట్టకుండా విడివిడి భాగాలుగా ఉంచేవాడు. విద్యార్థి ఒక భాగం అద్దెకు తీసుకెళ్లి, నకలు రాసుకుని, అది తిరిగిచ్చి తర్వాతి భాగం తీసుకెళ్లేవాడు. అలా ఒకే పుస్తకాన్ని ఏకకాలంలో పదిమంది రాసుకోవచ్చు. ఏ భాగానికి ఎంత అద్దె తీసుకోవాలో విశ్వవిద్యాలయమే నిర్ణయించేది. కోచింగ్ మెటీరియల్ యూనిట్ల వారీగా తెచ్చుకుని జిరాక్స్ తీయించుకునే మన పిల్లలకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ ఒక్కో భాగాన్ని 'పెసియా' అనేవారు. బట్టల షాపులో బ్లౌజ్ పీస్ అంటామే, ఆ 'పీస్' దీని బంధువే.

మీకు పనికొచ్చే ముక్క ఇంకోటుంది. ఆ మూలప్రతుల్లో తప్పులున్నాయా అని తనిఖీ చేయడానికి బొలోన్యాలో మనుషుల్ని పెట్టారు. తప్పులు దొరికితే స్టేషనర్‌కి జరిమానా. మీ గ్రూప్స్ అబ్బాయి ఆ రోజుల్లో పుట్టుంటే మంచి ఉద్యోగమే దొరికేది. మీకు మాత్రం జేబు ఖాళీ.

లండన్‌లో సెయింట్ పాల్స్ పెద్ద చర్చి చుట్టూ ఇలాంటి దుకాణాలు వెలిశాయి. పుస్తకాలు రాసేవాళ్లు, బొమ్మలతో అలంకరించేవాళ్లు, బైండింగ్ చేసేవాళ్లు, అమ్మేవాళ్లు కలిసి 1403లో ఒక సంఘం పెట్టుకున్నారు. 1557లో ఇంగ్లండ్ రాణి మొదటి మేరీ దానికి అధికార పత్రం (చార్టర్) ఇచ్చింది. అప్పటికి అచ్చు యంత్రం వచ్చేసింది, దాంతో దేశంలో ముద్రణ మీద పెత్తనం దాదాపుగా ఈ స్టేషనర్ల చేతికే చిక్కింది. ఎవరు ఏ పుస్తకం వేసుకోవచ్చో వీళ్ల రిజిస్టర్‌లో నమోదు కావాలి. 1710లో అమల్లోకి వచ్చిన చట్టం కాపీరైట్‌ని రచయిత హక్కుగా గుర్తించింది కానీ, నమోదు మాత్రం ఆ స్టేషనర్ల రిజిస్టర్‌లోనే చేయించాలంది. పెన్నులు అమ్ముకునే మీ వృత్తి పూర్వీకులు చిన్నవాళ్లేం కాదు!

కాలం గడిచేకొద్దీ పుస్తకాలు వేసేవాళ్లూ అమ్మేవాళ్లూ వేరే దారి పట్టారు. స్టేషనర్ దగ్గర రాసుకునే కాగితం, సిరా, ఈక కలాలు, లక్క మిగిలాయి. 'స్టేషనర్ అమ్మే సరుకు' అని చెప్పడానికి పుట్టిన మాటే 'ఈ' ఉన్న స్టేషనరీ. 1786లో బ్రిటిష్ ప్రభుత్వం తన కార్యాలయాలకి కాగితమూ సిరా సమకూర్చడానికి స్టేషనరీ ఆఫీస్ అని ఏకంగా ఒక కార్యాలయమే పెట్టింది. ఆ మాట ప్రభుత్వ కాగితాల వెంటే మన దాకా వచ్చింది. చంచల్‌గూడలో ప్రభుత్వ ముద్రణాలయాన్ని నడిపే శాఖ పేరులో ఇప్పటికీ స్టేషనరీ ఉంది. ఎప్పుడైనా అటు వెళ్తే ఇంగ్లిష్ బోర్డు చూడండి, ఆఖర్న ఏ అక్షరం ఉంటుందో మీకిప్పుడు తెలుసు.

అంటే మన కథలో రెండు మాటలూ ఒకే తల్లి బిడ్డలు. ఒకటి ఇంటిపట్టునే ఉండిపోయింది, రెండోది వ్యాపారంలోకి దిగింది.

స్పెల్లింగ్ మర్చిపోకుండా ఉండటానికి బళ్లో చెప్పే చిట్కా 'ఈ అంటే ఎన్వలప్'. తప్పేం లేదు. కానీ చిట్కా కంటే కారణం తెలిస్తే మంచిది. బేకర్ దుకాణం బేకరీ. గ్రోసర్ అమ్మేది గ్రోసరీ. స్టేషనర్ అమ్మేది స్టేషనరీ. మనిషి పేరు చివర 'ఈ-ఆర్' ఉంటుంది, దానికి ఒక 'వై' తగిలిస్తే అతని సరుకో, దుకాణమో అవుతుంది. గల్లీకో బేకరీ ఉన్న ఊరు మనది, బేకరీ బోర్డు మీద 'ఏ-ఆర్-వై' అని మీరెప్పుడైనా చూశారా? ఇక 'ఏ' రకానికి నా సొంత చిట్కా ఒకటుంది. వాట్సాప్‌లో తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతాం కదా, 'ఆగింది' అని కొట్టాలంటే మొదట నొక్కేది 'ఏ'నే. ఆగినదానికి 'ఏ'. ఆ ఇండెంట్ కాలంలో సెల్‌ఫోన్లే లేవు, ఉంటే నాకు ఆ అవమానం తప్పేది.

ఇంకొంచెం లోపలికి వెళ్తే మనకి ఇంకా దగ్గరి చుట్టాలు తగులుతారు. లాటిన్ 'స్తారే', సంస్కృతం 'స్థా' ఒకే ఆదిమూలం నుంచి చీలిన కొమ్మలు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ ఒకే మూలం నుంచి వచ్చి ఉంటాయని కలకత్తాలో బ్రిటిష్ జడ్జి విలియం జోన్స్ ప్రసంగించింది కూడా 1786లోనే, ఫిబ్రవరిలో. రెండు నెలలు తిరిగేసరికి లండన్‌లో ఆ స్టేషనరీ ఆఫీస్ తెరిచారు. రెంటికీ సంబంధం ఏమీ లేదు, నాకే తమాషాగా అనిపించి చెబుతున్నాను. స్థానం, స్థితి, స్థిరం అన్నీ ఈ కుటుంబమే. 'వాడు వచ్చి తిష్ఠ వేశాడు' అంటామే, ఆ తిష్ఠ కూడా. పారశీకం వైపు కొమ్మలో, హిందుస్తాన్, గులిస్తాన్ చివర కూర్చున్న 'స్తాన్' కూడా. ఇంకా విచిత్రం ఏమిటంటే, మన పాతబస్తీలో ఒకరు పోలీస్ స్టేషన్ అంటే ఇంకొకరు ఠాణా అంటారు. స్టేషన్ లాటిన్ వైపు నుంచి వచ్చింది, ఠాణా సంస్కృతం 'స్థానం' నుంచి ప్రాకృతం, హిందీ, ఉర్దూల మీదుగా వచ్చింది. వేలయేళ్ల కింద విడిపోయిన అక్కచెల్లెళ్లు అఫ్జల్‌గంజ్‌లో ఒకే గుమ్మం ముందు కలుసుకున్నారన్నమాట.

తెలుగు వేరే కుటుంబం, ద్రావిడ భాష. ఈ 'స్థ' మాటలన్నీ మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. మన సొంత మాట 'నిలుచు'. 'రోగి పరిస్థితి నిలకడగా ఉంది' అన్నప్పటి నిలకడ అందులోదే. ఇక మీ షాపులో అటక మీద ఉన్న సరుకుని ఏమంటారు? నిల్వ. అదీ 'నిలుచు' బిడ్డే. నిలబడటం నుంచి సరుకు దాకా లాటిన్ మాట ఒక దారిన నడిస్తే, దానితో ఏ చుట్టరికమూ లేని మన మాట కూడా అలాంటి దారే తొక్కింది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. మీ ఉత్తరంలో మీరు దాటేసిన వాక్యం ఒకటుంది. మొదట తోపుడు బండి, 1998లో మల్గీ. మన పెద్దలు సృష్టిని స్థావర జంగమాలు అని రెండుగా విడదీశారు, నిలిచేవి, కదిలేవి అని. రిజిస్ట్రేషన్ కాగితాల్లో స్థిరాస్తి, చరాస్తి అని రాసేదీ ఆ పద్ధతిలోనే. ఎండకి గొడుగు వంచుకుంటూ, వాన పడితే ప్లాస్టిక్ పట్టా కప్పుకుంటూ, పోలీసాయన కర్ర చప్పుడు వింటే బండి తోసుకుపోతూ బతికిన మనిషి, ఒకరోజు షట్టర్ ఉన్న మల్గీలో కూర్చున్నాడు. స్టేషనర్ అనే మాటకి మొదటి అర్థం అక్షరాలా అదే. ఆబిడ్స్‌లో ఆదివారం మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచి, చీకటిపడగానే కట్టలు కట్టుకుని పోయేవాళ్లని చూశారా? వాళ్ల మీద నాకు బోలెడంత ప్రేమ, నా బీరువాలో సగం వాళ్ల చలవే. కానీ లెక్క ప్రకారం వాళ్లు స్టేషనర్లు కారు. మీ నాన్నగారు అవుతారు. ఆయన బోర్డు మీద 'కదలని షాపు' అని ఉండటం స్పెల్లింగ్‌లో తప్పు, చరిత్రలో కాదు.

అందుకని ఆయనతో 'మనది తప్పు, ఆ అబ్బాయిది రైటు' అని మొదలుపెట్టకండి. ఆయన కోపం అక్షరం మీద కాదు, ఇన్నేళ్లూ తలెత్తి చూసిన బోర్డుని ఎవరో పరీక్ష పేపర్‌లా దిద్దడం మీద. రాత్రి షట్టర్ సగం దించి, గల్లా లెక్క చూసుకునే వేళ, బండి రోజులు ఎలా ఉండేవని అడగండి. ఆయన చెప్పడం అయ్యాక ఈ స్టేషనర్ల కథ చెప్పండి. బోర్డు మాట ఆయనే ఎత్తనివ్వండి. ఎత్తకపోతే రెండ్రోజులు ఆగండి.

బోర్డు మాత్రం మార్చాలి, ఆ విషయంలో నేను మీ పక్షమే. అమ్మేది పెన్నులైనా, మీ గిరాకీ అంతా చదువుకునే పిల్లలు. లైబ్రరీ నుంచి బయటికొచ్చిన ప్రతి గ్రూప్స్ అభ్యర్థీ మీ బోర్డు దగ్గర ఆగి నవ్వుకోవడం ఎందుకు? పద్నాలుగు వేలు మళ్లీ పెట్టనక్కర్లేదు. విడి అక్షరాలు బిగించిన బోర్డయితే ఆ ఒక్కటి తీసి అదే సైజులో, అదే రంగులో 'ఈ' చేసిమ్మని బోర్డు చేసినాయన్నే అడగండి. లోపలి లైట్ల వైరు ఎలా వెళ్లిందో ఆయనకే తెలుసు, కొత్తవాణ్ని పిలిస్తే మొత్తం విప్పుతాడు. బోర్డంతా ఒకే షీటయితే ఆ అక్షరం మీద స్టిక్కర్‌తో సరిపెట్టుకోవచ్చు, కాకపోతే పగలు బాగానే ఉండి రాత్రి లైటు వేశాక లోపలి 'ఏ' మసగ్గా కనబడే ప్రమాదం ఉంది. ఒకసారి చీకట్లో రోడ్డు అవతల నిలబడి చూసుకోండి.

అంతకంటే ముందు ఒక పని. ట్రేడ్ లైసెన్సు, బ్యాంకు ఖాతా, జీఎస్‌టీ ఉంటే ఆ సర్టిఫికెట్ తీసి, అందులో షాపు పేరు ఏ స్పెల్లింగ్‌తో ఉందో చూడండి. ఇన్నేళ్ల బోర్డు చూసి ఎవరో 'ఏ'తోనే నమోదు చేసి ఉండొచ్చు. అలా ఉంటే చెక్కుల మీద, బిల్లుల మీద తొందరపడి 'ఈ' రాయకండి. కాగితాల్లో సవరణ చేయించుకున్నాకే బిల్లు పుస్తకాలు, రబ్బరు స్టాంపు మార్చండి. బోర్డు మీది అక్షరం నవ్వు తెప్పిస్తుంది గానీ చెక్కు మీది అక్షరం డబ్బు ఆపేస్తుంది.

ఇక ఆ గ్రూప్స్ అబ్బాయి. రీఫిల్ అయిపోగానే మళ్లీ వస్తాడు. నలుగురు ఉన్నప్పుడు వస్తే, పెన్, పెన్సిల్ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలేనా అని మామూలుగా అడగండి. అవునంటాడు, చూస్తూండండి. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. పెన్ లాటిన్ 'పెన్నా' నుంచి వచ్చింది, అంటే ఈక. ఒకప్పుడు పక్షి ఈకతోనే రాసేవారు. పెన్సిల్‌కి ఆ ఈకతో సంబంధమే లేదు. అది 'పెనిసిల్లస్' నుంచి వచ్చింది, బొమ్మలు వేసే కుంచె అని అర్థం, ఇంకా వెనక్కి వెళ్తే చిన్న తోక. బూజుని మైక్రోస్కోపులో చూస్తే కుంచెలా ఉంటుందని పెట్టిన పేరులోంచే పెన్సిలిన్ మందు పేరూ వచ్చింది. ఒకేచోట పక్కపక్కనే పెట్టి అమ్ముతారు గానీ, పెన్నుకీ పెన్సిల్‌కీ చుట్టరికం లేదని చెప్పి, రీఫిల్ చేతికివ్వండి.